అమెరికా నల్లజాతి శిల్పుల గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. అమెరికా మ్యూజియంల మీద ట్రంప్ 2025 మార్చిలో ఇచ్చిన ఉత్తర్వును అక్కడి రాజకీయ రగడల్లో ఒకటిగా చూసి వదిలేయకూడదని ఈ లేఖ రాస్తున్నాను. అప్పటికి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో, రెండు శతాబ్దాల అమెరికా శిల్పకళలో జాతి భావన ఎలా పనిచేసిందో చూపే ప్రదర్శన నడుస్తోంది. ఉత్తర్వు దాన్ని పేరుపెట్టి తప్పుపట్టింది. జాతి అనేది మనుషులు కల్పించుకున్న విభజన, శరీరంలో ఉన్న నిజం కాదు అని ఆ ప్రదర్శన చెప్పడమే అభ్యంతరం. జన్యుశాస్త్రవేత్తలు ఎంతోకాలంగా చెబుతున్న మాట కూడా అదే.

రాతికీ కంచుకీ జాతితో ఏం సంబంధమని అడిగేవారికి నేను నల్లజాతి శిల్పి సిమోన్ లీ పేరు చెబుతాను. జమైకా నుంచి వచ్చిన దంపతులకు 1967లో షికాగోలో పుట్టారు. మట్టి పనిని కళగా లెక్కపెట్టని కళాలోకంలో ఆ మట్టినే నమ్ముకున్నారు. పేరు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 2019 జూన్‌లో న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద కట్టిన హై లైన్ పార్కులో, పదో అవెన్యూ వీధి పైన, ఆమె చేసిన 16 అడుగుల కంచు విగ్రహం ‘బ్రిక్ హౌస్’ నిలబడింది. పైన నల్లజాతి స్త్రీ తల, జడపాయల చివర గవ్వలు. కింద గుండ్రటి ఇల్లు, చూస్తే లంగాలా కూడా ఉంటుంది. కళ్లు లేవు.

ఆ ఇంటి రూపంలో కామెరూన్, చాద్ దేశాల ముస్గుమ్ ప్రజల మట్టి గుమ్మటాలున్నాయి. బెనిన్, టోగోల్లోని బతమ్మలిబా ఇళ్లున్నాయి. వాటితో పాటు మిసిసిపీ రాష్ట్రం నాచెజ్‌లో 1940లో కట్టిన ఒక హోటలూ ఉంది. తెల్లవాళ్ల ఇంట్లో ఊడిగం చేసే నల్లజాతి ఆయా ఆకారంలో కట్టారు దాన్ని. తినడానికి వచ్చినవాళ్లు ఆమె లంగాలోకి నడిచి వెళ్లి కూర్చోవాలి. పూర్వీకుల ఇళ్ల పక్కన ఈ అవమానాన్ని కూడా ఎందుకు చేర్చుకున్నారా అని చాలా ఆలోచించాను. దాచేసినంత మాత్రాన అవమానం చెరగదు. లీ ఆ రూపాన్నే తీసుకుని ఎవరూ చొరబడలేని ఇల్లుగా మలిచారు. దానికి ద్వారం లేదు. ఆ స్త్రీ ఎవరి వైపూ చూడదు, ఎవరి మెప్పూ కోరదు. తన పని మొదట నల్లజాతి స్త్రీల కోసమేనని లీ చెబుతూనే ఉన్నారు.

ఇటలీలోని వెనిస్‌లో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బినాలేలో, 2022లో అమెరికా భవనాన్ని ఆమెకు అప్పగించారు. ఆ గౌరవం దక్కిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. వందలమందిని బానిసలుగా ఉంచుకున్న అమెరికా మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ ఇంటి తీరులో కట్టిన ఆ భవనానికి లీ గడ్డి కప్పించారు. వలస రాజ్యాలను చూపించుకోవడానికి 1931లో ప్యారిస్‌లో పెట్టిన ప్రదర్శనలో ఆఫ్రికా ఇళ్ల నమూనాలు కట్టి జనానికి వినోదంగా చూపించారు, ఆ గడ్డి దానికి జవాబు. ఆ ఏడాదే బినాలే ప్రధాన ప్రదర్శనలో పెట్టిన బ్రిక్ హౌస్‌కు అక్కడి అత్యున్నత బహుమతి గోల్డెన్ లయన్ వచ్చింది.

బానిస స్త్రీల మీద మత్తుమందు లేకుండా శస్త్రచికిత్స ప్రయోగాలు చేసిన డాక్టర్ మారియన్ సిమ్స్ విగ్రహాన్ని న్యూయార్క్ సెంట్రల్ పార్కు నుంచి 2018లో తీసేశారు. ఆ చోటికి మరుసటి ఏడాది ఎంపిక సంఘం లీ నమూనాను ఎంచుకుంది. స్థానికులు విన్నీ బ్యాగ్‌వెల్ అనే మరో నల్లజాతి శిల్పి నమూనా కావాలని పట్టుబట్టారు. లీ తప్పుకున్నారు. అంత పేరున్న మనిషి ఆ పేటవాళ్ల మాటకు విలువిచ్చి పక్కకు జరగడం, ఆమె శిల్పాలంత గొప్ప విషయంగానే నాకు తోచింది.

మనవాళ్లు ఇన్ని వేలమంది అమెరికా వెళ్లగలిగింది 1965 వలస చట్టం వల్ల. ఆ చట్టం నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం వేడిలో వచ్చింది. అయినా ‘నల్లవాళ్లుండే పేటల వైపు వెళ్లకు నాయనా’ అని చెప్పి పిల్లల్ని విమానం ఎక్కించే ఇళ్లు నాకు తెలుసు. ఆ మాట విన్నప్పుడల్లా సిగ్గుగా, బాధగా ఉంటుంది.

మన పత్రికల్లో అమెరికా అంటే వీసాలు, సుంకాలు, కాల్పులు. ఆదివారం సంచికలో ఈ శిల్పుల మీద వరుసగా వ్యాసాలు వేయండి, ఫొటోలు పెద్దవిగా వేయండి. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ప్రవేశం దగ్గర 2020 నుంచి బ్రిక్ హౌస్ మరో ప్రతి ఉంది. అక్కడ చదివే మన పిల్లలకూ, వాళ్లను చూడటానికి వెళ్లే తల్లిదండ్రులకూ ఆ విగ్రహం కథ తెలుగులో అందాలి. 1867లోనే, సంకెళ్లు తెంచుకున్న మనుషులను పాలరాతిలో చెక్కిన నల్లజాతి శిల్పి ఎడ్మోనియా లూయిస్‌తో మొదలుపెట్టండి. ఇరవయ్యో శతాబ్దపు శిల్పులు అగస్టా సావేజ్, ఎలిజబెత్ కాట్లెట్‌ల మీదుగా సిమోన్ లీ దాకా రండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ