విక్టోరియన్ నవలలు వినే పద్ధతి

సంపాదకులకు,

విక్టోరియన్ నవలల్ని, అంటే విక్టోరియా రాణి కాలంనాటి ఇంగ్లిష్ నవలల్ని, ఆడియోలో వినాలని ఉత్సాహంగా మొదలుపెట్టి, రెండు మూడు అధ్యాయాలకే వదిలేసేవాళ్లు మన నగరంలో చాలామందే ఉన్నారు. తమకు ఇంగ్లిష్ అంతగా రాదని నొచ్చుకుంటారు. చాలాసార్లు చిక్కు భాషతో కాదు, ఎంచుకున్న రికార్డింగ్‌తో, వినే తీరుతో.

డికెన్స్ ‘బ్లీక్ హౌస్’ చూడండి. మొదటి రెండు అధ్యాయాలు బయటి కథకుడు వర్తమాన కాలంలో చెబుతాడు. మూడో అధ్యాయంలో ఎస్తర్ అనే అమ్మాయి ‘నేను’ అంటూ కథ అందుకుంటుంది. చదివేవాళ్లయితే పేజీ వెనక్కి తిప్పి చూసుకుంటారు. వినేవాళ్లకు ఆ ‘నేను’ ఎవరో తెలిసేలోపు కథ ముందుకెళ్లిపోతుంది. పైగా లిబ్రివాక్స్ అనే ఆడియో పుస్తకాల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికేవాటిలో కొన్ని అధ్యాయానికో గొంతు చదివినవి. కథ చెప్పే మనిషి మారకపోయినా గొంతు మారిపోతుంటే తికమక రెట్టింపవుతుంది. అందుకే ‘సోలో’, అంటే మొత్తం ఒక్కరే చదివిన, రికార్డింగే డౌన్‌లోడ్ చేసుకోవాలి. శబ్ద నాణ్యత 64 కేబీపీఎస్ ఉన్న ఫైలు చాలు, గంటకు 29 ఎంబీ అవుతుంది.

నిడివి కూడా చూసుకోవాలి. మామూలు వేగంతో చదివితే గంటకు సుమారు 9 వేల మాటలు. ‘బ్లీక్ హౌస్’ మూడున్నర లక్షల మాటల నవల. 8 గంటలే ఉందంటే అది కత్తిరించిందో, నాటకీకరణో.

ప్లేయర్ వేగం 1.5 పెట్టడం ఇంకో పొరపాటు. తొలి పేజీలోనే లండన్ పొగమంచు వస్తుంది: నది ఎగువన పొగమంచు, నది దిగువన పొగమంచు. ఆ వాక్యాలకు ప్రధాన క్రియ ఉండదు. క్రియ లేని వాక్యం తెలుగు చెవికి కొత్త కాదు, ఇట్టే ఎక్కుతుంది. కానీ వేగం పెంచితే మధ్యలోని విరామాలు పోయి వట్టి మాటల వరస మిగులుతుంది. మొదటి రెండు గంటలు 0.9లో వినండి, ఆ గొంతు అలవాటయ్యాక 1కి మార్చండి.

ఈ నవల 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబర్ దాకా నెలనెలా సంచికలుగా వచ్చింది, వెల ఒక షిల్లింగు. మొదటి సంచికలో నాలుగు అధ్యాయాలు. వారపత్రిక సీరియళ్ల కోసం ఎదురుచూసిన ఇళ్లకు ఆ రుచి ఏమిటో చెప్పనక్కర్లేదు. అలాగే వారానికో సంచిక వినండి. చాలా సంచికలు సుమారు రెండు గంటలే, మియాపూర్ నుంచి ఎల్బీ నగర్‌కు మెట్రోలో రానుపోను ప్రయాణమంత. రైలు చప్పుడు మీద వాల్యూమ్ పెంచడం చెవులకు చేటు, రబ్బరు బుడిపెలతో బిగుతుగా పట్టే ఇయర్‌ఫోన్లు వాడండి. పాత్రల పేర్లు ఒక చీటీ మీద రాసి జేబులో ఉంచుకుంటే వెనక్కి వెళ్లి వెతికే అవసరం సగానికి సగం తగ్గుతుంది. ఇంత పెద్దది భయపెడితే జార్జ్ ఎలియట్ ‘సైలస్ మార్నర్’తో మొదలుపెట్టవచ్చు, ఏడెనిమిది గంటల్లో అయిపోతుంది.

చిక్కడపల్లి, అఫ్జల్‌గంజ్ గ్రంథాలయాల అధికారులకు ఒక విన్నపం. ఇలాంటి నవలల అట్ట లోపల పూర్తి పాఠం వినడానికి ఎన్ని గంటలు పడుతుందో, ఏ సంచిక ఏ అధ్యాయంతో ముగిసిందో రాసిన చీటీ ఒకటి అంటించండి.

— కొందరు పాఠకులు, హైదరాబాద్