తీసేసిన కథకి ఎంట్రీ

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి.

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు కుక్కర్ కూతల మధ్య ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను. "రచయిత నెట్‌లోంచి తీసేసిన కథకి కూడా ఎంట్రీ వెయ్యొచ్చా అమ్మా?" అనడిగావు. "ఎందుకు వెయ్యకూడదూ, వెయ్యి" అన్నాను. అప్పట్నుంచీ మనసు కుదురుగా లేదు. ముప్పై ఏళ్లపైన గ్రంథాలయంలో క్యాటలాగు కార్డులు రాసినదాన్ని, అంత తేలిగ్గా చెప్పకూడదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నువ్వు పంపిన పన్నెండు ఎంట్రీల సంగతి. సినిమాల మీదా పుస్తకాల మీదా అభిమానులు అల్లుకునే కథల వివరాలు నమోదుచేసే ఫ్యాన్‌లోర్ అనే వికీని ఆ అభిమానులే 2008 నుంచీ రాసుకుంటూ, ఒకరిది ఒకరు దిద్దుకుంటూ నడుపుతున్నారని నువ్వు చెప్పినప్పుడు నాకు వెంటనే ఇక్కడి తెలుగు కథల గ్రంథాలయం, మన కథానిలయం గుర్తొచ్చింది. 1997లో కథకులు కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, దాన్ని మొదలుపెట్టినప్పుడు, పాత పత్రికల్లో అచ్చయి మరుగున పడ్డ కథల్ని ఎందుకింత కష్టపడి పోగుచెయ్యడం అన్నవాళ్లు లేకపోలేదు. ఏ కథ, ఎవరిది, ఏ పత్రికలో, ఎప్పుడు వచ్చింది అన్న నాలుగు ముక్కలు ఒకచోట లేకపోతే ఆ కథ ఉన్నా లేనట్టే. ఎవరైనా సొంత పేజీలు పెట్టుకోగలిగిన జియోసిటీస్ అనే వెబ్‌సైటుని 2009లో మూసేసినప్పుడు అభిమానులు పెట్టుకున్న పేజీలు ఎన్నో పోయాయని చెప్పావు కదా, అదీ ఇలాంటిదే. వాటిలో ఏముండేవో ఎవరైనా రాసి పెట్టుకుంటేనే ఇవాళ పేరైనా తెలుస్తుంది. నువ్వు చేస్తున్నది చిన్న పని అని ఎవరన్నా అంటే పట్టించుకోకు.

పన్నెండూ రెండేసి సార్లు చదివాను. మూడో ఎంట్రీలో "చాలా పెద్ద కథ" అని రాశావు. ఎవరికి పెద్ద? బస్సులో చదివేవాళ్లకి 5,000 పదాలే పెద్దవి, వారమంతా సెలవున్నవాళ్లకి 1,00,000 కూడా చాలవు. పదాల లెక్క ఆ కథలు పెట్టే వెబ్‌సైటులో, అదే మీ ఆర్కైవ్‌లో, కథ పైనే ఉంటుందన్నావు కదా, ఆ అంకె వేసెయ్యి. గ్రంథాలయ శాస్త్రానికి సూత్రాలు రాసిన రంగనాథన్ గారు 1931లోనే రాశారు, పాఠకుడి సమయాన్ని ఆదా చెయ్యమని. మాకు శిక్షణలో అది నోటికి రావాల్సిందే.

ఏడో దాంట్లో "కథ మధ్యలో ఆగిపోయింది" అన్నావు. ఆ మాట రచయిత అన్నారా, నువ్వే అనుకున్నావా? 12 అధ్యాయాలు వచ్చి, మొత్తం ఎన్నో చెప్పాల్సిన చోట ప్రశ్నార్థకం ఉందంటే, ఇంకా రాస్తారేమో. పురుడో, పరీక్షలో, ఇంట్లో ఎవరికైనా జబ్బో, మనకేం తెలుసు. "చివరి అధ్యాయం ఫలానా తేదీన వచ్చింది" అని రాసి వదిలెయ్యి. తేదీ చూసి చదివేవాళ్లే నిర్ణయించుకుంటారు.

ఆర్‌ఆర్‌ఆర్ సినిమా మీద రాసిన కథలకి మాత్రం నాలుగు ఎంట్రీలూ మళ్లీ చూసుకో. రెండు పేర్ల మధ్య ఏటవాలు గీత పెడితే ప్రేమకథ అనీ, యాంపర్‌సాండ్ (&) పెడితే స్నేహమో అన్నదమ్ముల అనుబంధమో అనీ నాకు నేర్పింది నువ్వే. ఐదో ఎంట్రీలో భీమ్, రామరాజుల మధ్య గీత పెట్టావు. నువ్వు రాసిన సారాంశం చూస్తే అది అచ్చంగా "అన్నా" అని పిలుచుకునే కథ. ఆ గీత చూసి ప్రేమకథ కోసం వచ్చినవాళ్లు నిరాశపడతారు, స్నేహం కథ కావాల్సినవాళ్లు దాన్ని తెరవనే తెరవరు. రచయిత ఏ గుర్తు పెట్టారో అదే పెట్టు. ఆ తెలుగు పిలుపుల సంగతి ఎంట్రీలో రాయడం నాకు చాలా నచ్చింది. తెలుగు రానివాళ్లు ఇంగ్లీషు కథలో "అన్న" అన్న మాటని అలాగే ఉంచుకున్నారని తెలుగు తెలిసినవాళ్లే గుర్తించి చెప్పగలరు. ఆ ముక్క తియ్యకు.

పదో దాంట్లో చివర ఎవరు చనిపోతారో చెప్పేశావు. ప్రధాన పాత్ర మరణానికి ఆర్కైవ్‌లో వేరే హెచ్చరిక ఉంది. రచయిత ఆ హెచ్చరిక ఇచ్చి ఉంటే అది రాస్తే చాలు, మనిషి పేరు అక్కర్లేదు. ఇక "అద్భుతం", "గుండెని పిండేస్తుంది" లాంటివి అన్నిట్లోనూ ఉన్నాయి. కొట్టెయ్యి. జైలు గదిలో జరిగిన ఆ సంభాషణ గురించి నువ్వు రాసిన ఒక్క వాక్యం చాలు, నేనైతే ఆ కథ దానికోసమే చదువుతాను.

ఇప్పుడు నువ్వడిగిన అసలు ప్రశ్నకి వస్తాను.

మా క్యాటలాగులో "చూడుము" కార్డులని ఉండేవి. శ్రీశ్రీ అని వెతికినవాళ్లు శ్రీరంగం శ్రీనివాసరావు దగ్గరికీ, చాసో అని వెతికినవాళ్లు చాగంటి సోమయాజులు దగ్గరికీ చేరాలి. బీనాదేవి అంటే ఒక మనిషి కాదు, భార్యాభర్తలిద్దరు. కలంపేరు వెనక ఉన్న మనిషిని పట్టుకుని కార్డు రాస్తే నాకు పండగలా ఉండేది. పని అంటే అదే అనుకునేదాన్ని.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడో, ఐదో ఏడో, మా గ్రంథాలయానికి ఒకావిడ వచ్చేవారు. నెలకి రెండు సార్లు, మధ్యాహ్నం పూట, ఇంట్లో మగవాళ్లు లేని వేళ చూసుకుని. వారపత్రికల్లో వేరే పేరుతో కథలు రాసేవారు. ఒకసారి నేను ఒక కథ గురించి ఆపకుండా మాట్లాడుతుంటే చాలాసేపు విని, "అది నేనే రాశానండీ" అన్నారు. ఆ తర్వాత ఆ కథ ఒక సంకలనంలో వచ్చింది. నేను కార్డు రాశాను. కలంపేరు, కింద అసలు పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాలతో. అనుమతి అడగాలన్న ఆలోచనే రాలేదు నాకు. నిజమే కదా రాశాను అనుకున్నాను.

ఆవిడ మరిది పోటీ పరీక్షల పుస్తకాల కోసం వచ్చి ఆ డ్రాయరు తిరగేశాడు. ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలీదు. ఆవిడ ఒకసారి వచ్చారు, తీసుకెళ్లిన రెండు పుస్తకాలూ బల్ల మీద పెట్టారు. కూర్చోమంటే కూర్చోలేదు. "ఆ కార్డు తీసెయ్యండి మేడమ్" అన్నారు, అంతే. ఆ సాయంత్రమే తీసేశాను. కలంపేరు ఒక్కటే ఉంచి కొత్త కార్డు రాశాను. తర్వాత ఏళ్ల తరబడి ప్రతి వారం పత్రికలు రాగానే ముందు విషయసూచిక చూసేదాన్ని. ఆ పేరు మళ్లీ కనిపించలేదు.

ఇది నీకే కాదు, మీ నాన్నకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నువ్వు వెయ్యాలనుకుంటున్న ఆ పన్నెండో ఎంట్రీ చూడగానే నాకు ఆ కార్డే కళ్లముందు కనబడింది. కథ తీసేసిన ఆ అమ్మాయి ఇప్పుడు వేరే పేరుతో రాస్తోందనీ, శైలి చూసి నువ్వు కనిపెట్టాననీ, ఎంట్రీలో రెండు పేర్లూ కలిపితే చదివేవాళ్లకి ఉపయోగమనీ రాశావు. ఉపయోగమే, కాదనను. కానీ ఆ ఆర్కైవ్‌లో కథని ఉంచేసి తన పేరు మాత్రం తీసేసుకునే సౌకర్యం ఉందని నువ్వే చెప్పావు, అనాథ ఖాతా అని. ఆ అమ్మాయి అదీ చెయ్యలేదు, మొత్తం తీసేసుకుంది. అంటే ఏదో గట్టి కారణమే ఉండాలి. పాత పేరు నుంచి కొత్త పేరుకి "చూడుము" కార్డు నువ్వు వెయ్యకు. రెండూ ఒకరివే అని నీకు ఎంత గట్టిగా తెలిసినా సరే. నీ దగ్గరున్న ఆ కథ ప్రతి కూడా ఎవరికీ పంపకు.

అలాగని ఆ కథ అసలు లేనట్టు ఊరుకోమనడం లేదు. ఒకప్పుడు వందల మంది చదివి చర్చించుకున్న కథ, దాని తర్వాత ఎంతమంది అదే దారిలో రాశారో నువ్వే లెక్క చెప్పావు. ఫలానా పేరుతో ఒక కథ ఉండేది, ఫలానా ఏడాది వచ్చింది, ఇప్పుడు దొరకదు అని రాయొచ్చు. అందులో తప్పు లేదనే నా ఉద్దేశం. కానీ రాసే ముందు ఆమెని అడుగు. నాలుగు వాక్యాల్లో మర్యాదగా రాయి, ఎంట్రీ నమూనా కూడా జతచెయ్యి. వద్దంటే మానెయ్యి, కారణం అడక్కు. జవాబు రాకపోతే రాలేదని ఊరుకో, మళ్లీ మళ్లీ రాయకు. రేపు నీ ఎంట్రీని ఇంకెవరైనా వచ్చి దిద్దవచ్చు, నువ్వు వద్దనుకున్న సంగతి వాళ్లు చేర్చవచ్చు. అప్పుడు చర్చ పేజీలో నీ కారణం చెప్పు.

నీ చేతి నొప్పి తగ్గిందా? టైపు చేసేటప్పుడు మధ్యలో లేచి తిరుగు. ఆవకాయ మీ పిన్ని వస్తూ తెస్తానంది, రెండు సీసాలు కట్టాను.

పదకొండూ ఈ వారంలో దిద్దుకుని వేసెయ్యి. ఆ ఒక్కటీ మాత్రం జవాబు వచ్చేదాకా నీ దగ్గరే ఉంచు. ఆ అమ్మాయి ఏమందో నాకు చెప్పు, ఎదురుచూస్తుంటాను.

మీ అమ్మ