చీకట్లో మా పక్కన కూర్చున్నవాళ్లకు

అందరికీ వందనాలు.

మా ఆయనకు డయాలసిస్ మొదలై 14 నెలలైంది. పోయిన ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమని మైకు చేతికిచ్చారు. ఏడుపొచ్చేసి రెండు మాటలు కూడా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. ఆయన కడప బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు కడపకు పోవాలి, పోయినప్పుడల్లా 4 గంటలు మిషన్ మీద ఉండాలి. డయాలసిస్ ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) జరుగుతోంది, దానికి దేవునికి స్తోత్రం. కానీ దారి ఖర్చులు, పని పోయిన ఇల్లు, ఇద్దరు పిల్లల చదువు. అన్నిటికన్నా కష్టం దాహం. మన కడప ఎండల్లో రోజుకు లీటరు లోపే తాగాలి. చెంబులో కొలిచి పెడితే, ఆయన దాన్ని సాయంత్రందాకా దాచుకునేవారు. అది చూడలేక నేను వంటింట్లోకి పోయి నీళ్లు తాగేదాన్ని.

నా విశ్వాసం కదిలింది మాత్రం జబ్బు వల్ల కాదు. ఒక కూటంలో ఒకరు "మీకు విశ్వాసం ఉంటే మిషన్ ఎందుకు?" అన్నారు. మేము నమ్మాం. ఉపవాసముండి రెండుసార్లు డయాలసిస్ మానేశాం. మూడో రోజు రాత్రికి ఆయన ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరి, పడుకుంటే ఊపిరాడక కూర్చునే ఉన్నారు. ఆటోలో ఆసుపత్రికి పోతూ దారి పొడవునా నేను ప్రార్థన చేయలేదు. ఎవరికి చేయాలి అనిపించింది. ఎవరైనా డయాలసిస్‌లో ఉంటే, ఎంత భక్తిపరులు చెప్పినా మానకండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

తర్వాత రెండు నెలలు నేను చర్చికి పోలేదు. మా జేజి గుర్తొచ్చి సిగ్గేసేది. 1876–78 ధాత కరువు తర్వాత మా పెద్దలు బాప్తిస్మం తీసుకున్నారని ఆమె చెప్పేది. గింజ లేని కాలం చూసినవాళ్లు దేవుణ్ణి పట్టుకున్నారే, నేనెందుకు వదిలేస్తున్నానని ఏడ్చేదాన్ని.

అప్పుడు మా పాస్టరు అయ్యగారు, అమ్మగారు ఇంటికి వచ్చారు. ఎందుకు రావట్లేదని అడగలేదు. నేనే చెప్పాను, "అయ్యగారూ, నాకిప్పుడు నమ్మకం లేదు" అని. ఆయన 88వ కీర్తన తీసి చదివారు. మొరపెట్టే కీర్తనలు చాలావరకు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి, ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. అయ్యగారు కూడా అక్కడే ఆగి, "ఇది కూడా ప్రార్థనేనమ్మా, అందుకే బైబిల్లో ఉంది" అన్నారు. అంతే, ఇంకేం బోధించలేదు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నేను దేవునితో మాట్లాడాను. మాట్లాడానంటే, పోట్లాడాను.

స్త్రీల సమాజం అక్కలు వంతులు వేసుకుని డయాలసిస్ రోజుల్లో అన్నం పంపారు. ఆయనకు ఉప్పు తగ్గించి వేరే గిన్నెలో పెట్టేవాళ్లు, అది ఎవరు నేర్పారో నాకు తెలియదు. యూత్ తమ్ముళ్లు రక్తమిచ్చారు, తెల్లవారుజామున బండి మీద స్టేషన్‌లో దింపారు. పక్కింటి ముస్లిం అక్క రంజాన్ నెలలో తను ఉపవాసముండి మా పిల్లలకు వండి పెట్టింది. ఆమె దువా చేసినప్పుడల్లా మా ఆయన పేరు చెప్పేదట, మొన్ననే తెలిసింది. ఫ్యాక్టరీలో తోటి పనివాళ్లు చందాలేసుకుని పెద్దోడి ఫీజు కట్టారు.

చర్చికి తిరిగొచ్చిన మొదటి ఆదివారం నా నోట పాట రాలేదు. పక్కనున్న పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు కూర్చోమ్మా, నీ వంతు మేం పాడతాంలే" అంది. ఆరాధన అయ్యేదాకా చెయ్యి వదల్లేదు. నాకు నమ్మకం లేని రోజుల్లో మీరందరూ నా బదులు నమ్మారు. ఆ అప్పు నేను తీర్చలేను.

ఆయన ఆరోగ్యం బాగైపోయిందని చెప్పను. మిషన్ ఉంది, సూదులున్నాయి, కొలిచిన చెంబూ ఉంది. నాకు అనుమానాలూ ఉన్నాయి. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అని మార్కు సువార్తలో ఒక తండ్రి యేసును అడిగాడు. రోజూ పొద్దున నేనూ అదే అడుగుతున్నాను.

మీ క్యారియర్లు తొమ్మిది మా ఇంట్లో ఉన్నాయి. పేర్లు కొట్టించినవి ఏడు, అవి ఎవరివో తెలుసు కాబట్టి ఈ ఆదివారం తెచ్చిస్తాను. రెండింటికి పేర్లు లేవు. ఎవరివో చెప్పండి అక్కా, ఖాళీగా పంపను.