ఆ ఒక్క వాక్యం కొట్టేశాను

చిన్నీ,

మీ నాన్న ప్రాణం తీసిన మిగ్-21 యుద్ధ విమాన ప్రమాదం విచారణ కాగితాల కోసం నువ్వు రాసి పంపిన సమాచార హక్కు దరఖాస్తు చిత్తుప్రతి అందింది. నిదానంగా చదివాను. సంతకం చేస్తాను, అందులో సందేహం పెట్టుకోకు. కానీ రెండో పేరాలో "మా నాన్న వల్ల ఏ పొరపాటూ జరగలేదు" అని రాశావు చూడు, ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాను. కోపం తెచ్చుకోకుండా ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

ఆ ఉదయం ఆ విమానంలో ఏం జరిగిందో నీకు తెలియదు, నాకూ తెలియదు. విచారణ జరిపినవాళ్లు తమకు తెలిసిందని రాశారు. ఎలా తెలిసిందో మనకు చెప్పలేదు. మన తగవు అక్కడ. "ఆయన తప్పు చేశారని ఏ ఆధారంతో తేల్చారు, ఆ కాగితాలు చూపించండి" అని అడిగితే జవాబు చెప్పవలసిన బాధ్యత వాళ్లది. "ఆయన ఏ తప్పూ చేయలేదు" అని మనమే అంటే, రుజువు చేయవలసిన భారం మన నెత్తిన పడుతుంది. ఇన్నేళ్ల తరువాత, విమానం శకలాలు కూడా ఎక్కడున్నాయో తెలియని స్థితిలో, ఆ భారం మనమెందుకు ఎత్తుకోవాలి? న్యాయవాదివి నువ్వు. ఈ మాట నేను నీకు చెప్పనక్కరలేదు. అయినా నాన్న విషయం వచ్చేసరికి నీలో న్యాయవాది పక్కకు తప్పుకుని కూతురు కలం పట్టుకుంది.

అప్పట్లో వైమానిక దళం నుంచి నాకు వచ్చిన ఉత్తరం నువ్వు చూశావు. సంతాపం ఒక పేరా, పింఛను వివరాలు రెండు పేరాలు, కారణం మాత్రం ఒక్క ముక్క: పైలట్ పొరపాటు. అప్పటికి నీకు మాటలు కూడా సరిగా రాలేదు. ఆ ఒక్క ముక్క మన ఇంట్లో ఎంతకాలం కాపురం చేసిందో నువ్వు పెద్దయ్యాక గమనించే ఉంటావు. "అతను కాస్త జాగ్రత్తగా ఉండి ఉంటే" అన్న మాట పెళ్లి పందిళ్లలో కూడా నా చెవిన పడింది. అన్నవాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. ప్రభుత్వ కాగితంలో ఉన్నది నమ్మారు, అంతే.

బ్రిటన్‌లో జరిగిన ఒక కేసు గురించి నీకు రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. 1994 జూన్ 2న వాళ్ల వైమానిక దళానికి చెందిన చినూక్ హెలికాప్టర్ ఒకటి ఉత్తర ఐర్లండ్ నుంచి బయలుదేరి, పొగమంచులో స్కాట్లండ్‌లోని మల్ ఆఫ్ కింటైర్ కొండను ఢీకొంది. 25 మంది నిఘా, భద్రతా విభాగాల వాళ్లు, నలుగురు సిబ్బంది, మొత్తం 29 మంది చనిపోయారు. ప్రమాదం ముందు ఏం జరిగిందో చెప్పే రికార్డర్లు అందులో లేవు. ఆ రకం కొత్త చినూక్‌ల ఇంజిన్‌ను నియంత్రించే సాఫ్ట్‌వేర్ మీద అప్పటికే అనుమానాలున్నాయి. వాటిని పరీక్షించే పైలట్లు సరిగ్గా ఆ ముందురోజే వాటిని నడపడం ఆపేశారు. అయినా ఇద్దరు ఉన్నతాధికారులు, పైలట్లు జొనాథన్ టాపర్, రిచర్డ్ కుక్‌ల ఘోర నిర్లక్ష్యమే కారణమని 1995లో తీర్పు చెప్పేశారు.

అక్కడి వైమానిక దళంలో అప్పట్లో ఒక నియమం ఉండేది. చనిపోయిన పైలట్‌ది నిర్లక్ష్యం అనాలంటే, ఏ రకమైన సందేహానికీ బొత్తిగా తావు ఉండకూడదు. ఎంత న్యాయమైన నియమమో చూడు! బతికున్నవాడు తన మాట తాను చెప్పుకోగలడు, చనిపోయినవాడు చెప్పుకోలేడు, కాబట్టి అతని మీద నింద వేసేముందు ఆధారం మరింత గట్టిగా ఉండాలి. ఆ నియమాన్ని పట్టుకునే ఆ పైలట్ల తండ్రులు ఏళ్ల తరబడి పోరాడారు. 2002లో వాళ్ల పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ కమిటీ ఆ తీర్పు నిలబడదంది. 2011 జులైలో విశ్రాంత న్యాయమూర్తి లార్డ్ ఫిలిప్ జరిపిన సమీక్ష దాన్ని కొట్టేయాలని చెప్పింది, రక్షణ మంత్రి లియామ్ ఫాక్స్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. హెలికాప్టర్ ఎందుకు కూలిందో మాత్రం ఆ సమీక్ష తేల్చలేదు. నిందకు తగిన రుజువు లేదని మాత్రమే చెప్పింది. ఆ కుటుంబాలకు దక్కిన న్యాయం అది. మనం అడగవలసిందీ అదే.

మన దేశంలో అడిగినవాళ్లు లేరని కాదు. 2001 సెప్టెంబరులో సూరత్‌గఢ్ దగ్గర మిగ్-21 కూలి ఫ్లైట్ లెఫ్టినెంట్ అభిజిత్ గాడ్గిల్ చనిపోయినప్పుడు, పైలట్‌దే తప్పన్న మాటను ఆయన తల్లి కవితా గాడ్గిల్ ఒప్పుకోలేదు. బహిరంగంగా ప్రశ్నించారు. ఆవిడ మాట్లాడుతున్న రోజుల్లో నేను పత్రికల్లో ఆ వార్తలు కత్తిరించి దాచేదాన్ని. అప్పట్లో నీకు పాలు కాచి పట్టడం, నా ఉద్యోగం, మీ తాతగారి మందులు, వీటితోనే పొద్దుగూకేది. ఇప్పుడు నా చేతులు ఖాళీగా ఉన్నాయి, నీ చేతిలో చదువు ఉంది.

మీ నాన్న దండిగల్‌లో, హకీంపేటలో శిక్షణ పొందారు. కిరణ్ అనే శిక్షణ విమానం నడిపి, అక్కడి నుంచి తేజ్‌పూర్‌లో నేరుగా మిగ్-21 ఎక్కారు. కిరణ్ నెమ్మదైన విమానం. మిగ్-21 గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో నేలకు దిగుతుంది. ఉన్నది ఒకటే ఇంజిన్, తక్కువ ఎత్తులో అది ఆగితే ఆలోచించడానికి వ్యవధి ఉండదు. ఈ రెండింటి మధ్య మరో మెట్టు కావాలని, ఆధునిక జెట్ శిక్షణ విమానం కొనాలని, యుద్ధ విమాన ప్రమాదాల మీద వేసిన లా ఫాంటేన్ కమిటీ 1982లోనే చెప్పింది. అలాంటి శిక్షణ విమానాలైన హాక్‌ల ఒప్పందం కుదిరింది 2004లో. అవి మన పక్కనే ఉన్న బీదర్‌లో శిక్షణకు చేరేసరికి 2008 వచ్చింది. మీ నాన్న బ్యాచ్ కుర్రాళ్లందరూ ఆ మధ్య కాలంలోనే రెక్కలు తెచ్చుకున్నారు. 2012లో రక్షణ మంత్రి ఆంటోనీ రాజ్యసభలో చెప్పిన లెక్క ప్రకారం, కొన్న 872 మిగ్ విమానాల్లో సగానికి పైగా కూలిపోయాయి. 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు చనిపోయారు. మానవ తప్పిదాలు, సాంకేతిక లోపాలు రెండూ కారణాలని ఆయనే అన్నారు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో ఆ విమానానికి వీడ్కోలు సభ జరుగుతుంటే టీవీలో చూశాను. 62 ఏళ్ల సేవ అన్నారు, నీటి ఫిరంగులతో వందనం చేశారు. దేశం ఆ విమానానికి అంత మర్యాద చేసింది, సంతోషమే. దాన్ని నడిపి పోయినవాళ్ల కాగితాలకూ ఆ పాటి మర్యాద దక్కాలి.

ఇవన్నీ మీ నాన్న నిర్దోషి అనడానికి రుజువులు కావు. ఆ ఉదయం ఆయన చేయి నిజంగానే తప్పి ఉండవచ్చు. ఆ మాట రాయడానికి నా కలం ఆడలేదు, అయినా రాస్తున్నాను. ఎందుకంటే కాగితాలు చేతికి వచ్చాక అందులో అదే ఉంటే, నువ్వు కుప్పకూలకూడదు. తప్పి ఉంటే ఎందుకు తప్పింది, దానికి ముందు ఎవరెవరు ఏమేమి తప్పారు, అదీ చదవాలి మనం.

అందుకే దరఖాస్తులో "పూర్తి నివేదిక ఇవ్వండి" అని ఒక్క ముక్కలో అడగకు. మొత్తానికి కుదరదని ఒక్క ముక్కలోనే జవాబు వస్తుంది. విడివిడిగా అడుగు. పైలట్ ఎక్కేముందు సంతకం పెట్టే ఫారం 700లో ఆ విమానం గురించి ఏ లోపాలు నమోదై ఉన్నాయి? ఇంజిన్‌కు చివరి మరమ్మతు ఎప్పుడు జరిగింది? ఆ నెలలో ఆయనకు ఎన్ని గంటలు ఎగిరే అవకాశం ఇచ్చారు? ఆ పూట వాతావరణం ఏమని రాశారు? టవర్‌తో మాట్లాడిన మాటల నకలు ఉందా? ఆయన లాగ్‌బుక్ మన దగ్గర ఉంది కాబట్టి గంటల లెక్క సరిచూసుకోవచ్చు.

దేశ భద్రత పేరు చెప్పి సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(ఎ) కింద తిరస్కరిస్తారని నువ్వే రాశావు. అయినా సంఘటన జరిగి 20 ఏళ్లు దాటితే 8(3) కింద చాలా మినహాయింపులు పోతాయి, (ఎ) లాంటివి కొన్నే మిగులుతాయి. ఆ మిగిలినవాటికి కూడా 10వ సెక్షన్ ఉంది, రహస్యమైన భాగం తీసేసి మిగతాది ఇవ్వవచ్చు. ఈ రెండూ దరఖాస్తులోనే ముందుగా రాసెయ్యి. 2017లో ఢిల్లీ హైకోర్టు వింగ్ కమాండర్ సంజీత్ సింగ్ కైలా కేసులో ఇచ్చిన తీర్పు కూడా దగ్గర పెట్టుకో. 2005లో మిగ్-21 ప్రమాదం నుంచి బతికి బయటపడ్డ ఆయన, తయారీ లోపం వల్ల తన జీవితం దెబ్బతిన్నదని కోర్టుకు వెళ్లి పరిహారం గెలిచారు. భద్రమైన చోట పనిచేసే హక్కు సైనికుడికీ ఉందని కోర్టు ఒప్పుకుంది. ఆ మాట చదివిన రోజు నాకు అన్నం సయించింది.

మరొక సంగతి. ఆయన బ్యాచ్ అంకుల్స్‌కు ఫోన్ చేసి నిలదీస్తానన్నావు. వద్దమ్మా. వాళ్లలో కొందరు ఇంకా కొలువులో ఉన్నారు, కొందరికి తమ పక్కన ఎగిరి తిరిగి రానివాళ్లు మీ నాన్న ఒక్కరే కాదు. ముందు వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చో, నాన్న ఎలా ఎగిరేవారో అడుగు. చెప్పదలచినవాళ్లు చెబుతారు. ఆ రోజు విమానాన్ని సిద్ధం చేసిన టెక్నీషియన్ బతికి ఉంటే, అతన్ని ఎక్కడా పేరు పెట్టి దోషిని చేయకు. మీ నాన్న మీద పడిన నింద తీసి, అడగకుండా మరొకరి మీద పెట్టడం మన ఇంటి పద్ధతి కాదు.

సవరించిన ప్రతి, పది రూపాయల పోస్టల్ ఆర్డరు, నా సంతకం ఇందులోనే పెడుతున్నాను. లాగ్‌బుక్ అసలు ప్రతి పోస్టులో పంపను, నకళ్లు తీయించి మీ మామయ్య వచ్చేటప్పుడు ఇచ్చి పంపుతాను. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా మొదటి అప్పీలు నేనే రాస్తాను, నువ్వు సెక్షన్లు సరిచూస్తే చాలు.

ఆశీస్సులతో,
అమ్మ