గరుసు పరిచే ముందు పరీక్షించండి: గ్రామీణ రహదారుల మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారములు.

అనంతపురం జిల్లాలో తాడిపత్రి వైపున్న ఒక నల్లరేగడి పల్లె నుంచి, రైతుగా ఈ లేఖ రాస్తున్నాను. మా ఊరి నుంచి పెద్ద రోడ్డుకు పోయే మట్టిరోడ్డు గురించి కింది కార్యాలయం మొదలు పై కార్యాలయం దాకా అర్జీలు ఇస్తూనే ఉన్నాము. ప్రతి అర్జీకీ రసీదు ఇచ్చారు. సమస్య పరిష్కారమైందని ఫోనుకు సందేశం కూడా వచ్చింది. ఆ సందేశం వచ్చాక కూడా అదే రోడ్డులో మా ట్రాక్టర్లు ఇరుసుల దాకా దిగబడ్డాయి కనుక, ఇక మీకే నేరుగా విన్నవించుకోవడం తప్ప మాకు దారి లేదు.

మేము తారురోడ్డు అడగడం లేదు. సిమెంటు రోడ్డూ అడగడం లేదు. మట్టిరోడ్డే ఉండనివ్వండి, కానీ దాని మీద తోలే గరుసు (గ్రావెల్) ఎలాంటిదో తోలకముందే పరీక్షించండి. మా విన్నపం ఇంతే.

మొదటిసారి రోడ్డు వేసినప్పుడు, దగ్గరలోని గుట్టను తవ్వి ఎర్రమట్టి తోలి దానికే గరుసని పేరు పెట్టారు. అందులో రాయి తక్కువ, బంక (జిగురు మట్టి) ఎక్కువ. ఎండాకాలమంతా అది పొడై లేచి రోడ్డు పక్క చేలల్లో ఆకుల మీద పేరుకుంది, ఇళ్లలో వంటపాత్రల మీద పడింది, దగ్గు ఉన్న ముసలివాళ్లను మంచాన పడేసింది. సెప్టెంబరు వానలకు అదే మట్టి జారుడు బురదైంది. మోటారు సైకిళ్లు పక్కకు జారి పడ్డాయి, పాల వ్యాను రావడం మానేసింది. నెలలు నిండిన ఆడకూతురిని నొప్పులతో ట్రాక్టరు ట్రాలీలో పడుకోబెట్టి, మలుపు దగ్గర ట్రాలీ కూడా దిగబడితే, మంచం మీద మోసుకుని, పెద్ద రోడ్డు మీద ఎదురుచూస్తున్న 108 వాహనం దాకా చేర్చారు. శనగ విత్తే అదను మాకు కొద్ది రోజులే ఉంటుంది. వాన వెలిసి నేల విత్తనానికి వచ్చే ఆ రోజుల్లోనే రోడ్డు నడవడానికి లేకుండా పోతే, విత్తనపు మూటలను తలకెత్తుకుని చేలగట్ల మీద నడిచాము. కోత తర్వాత వాన పడిన ఏడాది సరుకు బయటికి తీసుకుపోలేక, ఊళ్లోకి వచ్చి అడిగిన ధరకే అమ్ముకున్నవాళ్లున్నారు.

మేము మొత్తుకోగా మొత్తుకోగా రెండోసారి వచ్చారు. ఈసారి వంకలోని ఇసుక, నున్నటి గులకరాళ్లు తెచ్చి పోశారు. మొదటి దాంట్లో బంక ఎక్కువైతే, ఇందులో బంక అసలే లేదు. పట్టి ఉంచేది లేక రాళ్లు చక్రాల కింద నుంచి చిమ్ముకుని అంచులకు పోయాయి, కొద్ది నెలలకే రోడ్డు రేకుల షెడ్డు కప్పులా అడ్డంగా గట్లు పడింది. ఎర్రమట్టి వద్దన్నాము కనుక ఇసుక తెచ్చామని చెప్పారు. రెండింటికీ బిల్లులైతే చెల్లించారు. రెండింటిలో దేన్నైనా జల్లెడ పట్టి చూశారా అని అడిగితే మాకు జవాబు దొరకలేదు.

అయ్యా, ఇందులో తెలియని విద్య ఏదీ లేదు. గ్రావెల్ రోడ్ల కోసమే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2008లో ప్రత్యేకంగా ఒక మాన్యువల్ వెలువరించింది. పైపొరలో పెద్ద రాయి, చిన్న రాయి, ఇసుక, మెత్తటి మట్టి అన్నీ తగిన పాళ్లలో ఉంటేనే ఒకదాని సందుల్లో ఒకటి కూర్చుని గట్టిపడతాయి. 40 మిల్లీమీటర్లు మించిన రాయి పైపొరలో ఉంటే రోడ్డు చదును చేసే గ్రేడరు యంత్రం బ్లేడుకు ఊడివచ్చి గుంత మిగులుస్తుంది. ఇక బంక విషయం చాలామంది పట్టించుకోనిది, మాకు ఎక్కువ నష్టం చేసినది. మట్టికి బంకగుణం ఎంతుందో చెప్పే ప్లాస్టిసిటీ ఇండెక్స్ అనే అంకె, తారు కింద వేసే పొరకు 6 దాటకూడదని, ఏ కప్పూ లేని గ్రావెల్ పైపొరకు 4 నుంచి 9 మధ్య ఉండాలని సాధారణంగా పాటిస్తారు. అంటే తారు కింద మేలైన సరుకు, ఎండకూ గాలికీ తెరిచి ఉన్న మా రోడ్డు మీద పనికిరాకపోవచ్చు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మా జిల్లాలో రోడ్డు ఎక్కువ కాలం ఎండిపోయే ఉంటుంది కనుక, పట్టి ఉంచే కొంత బంక తప్పనిసరిగా కావాలి. తారురోడ్డు అంచనాలోని పంక్తినే దించి మా రోడ్డుకు రాస్తే ఆ బంక ఎక్కడి నుంచి వస్తుంది?

మంచి సరుకు దూరం నుంచి తేవాలంటే ఖర్చవుతుందని చెబుతున్నారు. తాడిపత్రి చుట్టూ సున్నపురాయి బండల గనుల దగ్గర వ్యర్థపు రాయి గుట్టలుగా పడి ఉంది. దాన్ని నలిపి, జల్లెడ పట్టి, బంక ఎక్కువున్న మా ఎర్రగరుసుతో కలిపితే రెండింటి లోపమూ తీరే అవకాశం ఉంది. సున్నపురాయి పొడి తడిసి ఆరినప్పుడు కొంత గట్టిపడుతుంది కూడా. అది మెత్తటి రాయి కనుక బరువు బండ్ల కింద త్వరగా అరుగుతుందన్న మాటా నిజమే. అందుకే ఎంతకు ఎంత కలపాలో ప్రయోగశాల చెప్పాలి, ట్రాక్టరు డ్రైవరు కాదు. గ్రానైటు పాలిషింగు యూనిట్ల నుంచి వచ్చే తెల్లటి ఒండును మాత్రం దయచేసి మా రోడ్ల మీద పోయవద్దు. అందులో బంక లేదు, ఆరితే దుమ్ము తప్ప మరేమీ కాదు.

పైన ఎంత మంచి గరుసు పరిచినా కింద ఉన్నది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే పగుళ్లిస్తుంది. నాలుగు రోజులు నీటిలో నానబెట్టి, నేల బరువు మోసే శక్తిని కొలిచే సీబీఆర్ పరీక్ష చేస్తే దాని బలం ఎంత తక్కువో మీ ఇంజనీర్లకే తెలుస్తుంది. అలాంటి చోట సున్నం కలిపి నేలను స్థిరపరచడమో, కట్ట ఎత్తు పెంచి మంచి మట్టి పొర వేయడమో చేయాలి. మా దగ్గర పక్క చేలోని నల్లమట్టినే ఎత్తి కట్ట పోశారు. రోడ్డు నడుమ ఎత్తు కూడా లేదు. 3.75 మీటర్ల వెడల్పుకు నడిమి భాగం అంచుల కన్నా ఏడెనిమిది సెంటీమీటర్లు ఎత్తుంటే నీరు కాలువలోకి జారిపోతుంది. మా రోడ్డు నడుమ పల్లంగా ఉంది, పక్క కాలువలు అంచనా కాగితంలోనే ఉన్నాయి. నీళ్ల ట్యాంకరు రాకుండా పొడి మట్టి మీద రోలరు తిప్పడం కళ్లారా చూశాము.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ పనుల్లో సామగ్రి వాటా 40 శాతం దాటకూడదన్న నియమం మాకు తెలుసు. సామగ్రికి డబ్బు తక్కువగా ఉన్నప్పుడే దాన్ని ఎంచడంలో ఎక్కువ జాగ్రత్త ఉండాలి కదా. ఒకే రోడ్డుకు పనికిరాని సరుకు రెండుసార్లు తోలిన ఖర్చుతో, ఒక్కసారి పరీక్షించిన సరుకు తోలి ఉండవచ్చు.

కాబట్టి మిమ్మల్ని వేడుకుంటున్నాము. గరుసు ఏ గుట్ట నుంచి, ఏ గని నుంచి తెస్తారో ముందుగా చెప్పి, అక్కడి నమూనా పరీక్ష ఫలితాన్ని పంచాయతీ గోడ మీద అంటించండి. ఫలితం సరిగా లేని సరుకుకు బిల్లు ఆపండి. పరిచేటప్పుడు నీళ్లు, రోలరు, నడిమి ఎత్తు ఊరివాళ్ల ఎదుట కొలిచి చూపించండి. ప్రతి వానాకాలం తర్వాత ఒక్కసారైనా గ్రేడరు పంపి, పోయిన గరుసు మళ్లీ వేయించండి. ఇవన్నీ ఒకేసారి వీలుకాకపోతే నమూనా పరీక్షనైనా వెంటనే మొదలుపెట్టించండి. ఈ ఏడాది శనగ విత్తనాల అదనుకు ముందే మా రోడ్డు మీద ఉన్న సరుకు నుంచి నమూనా తీయడానికి ఒక ఇంజనీరును పంపండి. ఆయనకు ఏ మూల తవ్వి చూడాలో మేము చూపిస్తాము, తవ్వడానికి మనుషులను కూడా మేమే ఇస్తాము.

ఇట్లు,
తాడిపత్రి ప్రాంతపు ఒక నల్లరేగడి రైతు