నానో సిలికా సరే, నీళ్ల లెక్క మాటేమిటి?

సంపాదకులకు,

బూడిద లాంటి పొడులను క్షార ద్రావణంతో గట్టిపరిచే, సిమెంటు లేని జియోపాలిమర్ మాలులో కాస్త నానో సిలికా (అతి సూక్ష్మమైన సిలికా రేణువులు) కలిపితే బలం అమాంతం పెరుగుతుందని ఈమధ్య వ్యాసాల్లోనూ అమ్మకందారుల కరపత్రాల్లోనూ కనిపిస్తోంది. పెరిగే మాట నిజమే. ఎంత కలపాలి, ఏ రూపంలో, ఏ వరుసలో అన్నది మాత్రం ఎవరూ రాయడం లేదు. పని చెడేది సరిగ్గా అక్కడే.

విశాఖలో ఈ మాలుకు ముడిసరుకు చేరువలోనే ఉంది. పరవాడ దగ్గర సింహాద్రి విద్యుత్ కేంద్రం బూడిద, ఇటు ఉక్కు కర్మాగారం స్లాగ్ (ఇనుము తీశాక మిగిలే చిట్టెం). ఉదాహరణకు 35 కిలోల ఫ్లై యాష్ (ఆ విద్యుత్ కేంద్రం బూడిదే), 15 కిలోల మెత్తటి స్లాగ్ పొడి, 100 కిలోల ఇసుక తీసుకుందాం. స్లాగ్ ఉంది కాబట్టి మామూలు వాతావరణంలోనే గట్టిపడుతుంది. ఒట్టి బూడిదైతే 60 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచాల్సి వచ్చేది. కలిపే ద్రావణం 25 కిలోలు. అందులో సోడియం సిలికేట్ 16.7 కిలోలు, 8 మోలార్ (లీటరు ద్రావణంలో 320 గ్రాముల సోడా ఉండే) కాస్టిక్ సోడా ద్రావణం 8.3 కిలోలు. ఈ సోడా ద్రావణానికి 2.2 కిలోల కాస్టిక్ ఫ్లేక్స్ (సోడా రేకులు), 6.1 కిలోల నీళ్లు పడతాయి.

ఇప్పుడు బూడిద, స్లాగ్‌ల బరువులో 2 శాతం, అంటే ఒక కిలో నానో సిలికా వేయాలనుకున్నారు. బజారులో ద్రవరూపంలో దొరికేదాంట్లో అసలు సిలికా 30 శాతమే అయితే 3.3 కిలోల ద్రవం పోయాలి. దాంతోపాటు 2.3 కిలోల నీళ్లు వచ్చి చేరతాయి. వాటిని సోడా కలిపే 6.1 కిలోల్లోంచి తీసేయాలి. తీసేయకపోతే మాలు పలచబడి, నానో ఇచ్చిన లాభాన్ని ఆ నీళ్లే తినేస్తాయి. డబ్బా మీద ఘనపదార్థం శాతం రాయని సరుకు కొనకపోవడమే మేలు.

పొడి రూపంలో కొంటే ఇబ్బంది వేరు. గ్రాముకు 200 చదరపు మీటర్ల ఉపరితలం ఉన్న రకమైతే, ఆ ఒక్క కిలో ఉపరితలం మొత్తం 50 కిలోల బూడిద, స్లాగ్‌ల ఉపరితలానికి పది రెట్లు దాటుతుంది. అంత ఉపరితలం తడవాలంటే నీళ్లు కావాలి, అందుకే మాలు బిగుసుకుపోతుంది. 3 శాతం దాటితే ఉండలు కట్టి, ఆ ఉండలే బలహీనపు చోట్లవుతాయి. తాపీకి సాగడం లేదని మేస్త్రి ఒక చెంబు నీళ్లు పోస్తే కథ ముగిసినట్టే. నీళ్లు పెంచకుండా మాలును జారుగా చేయడానికి సిమెంటుకు వాడే పాలీకార్బాక్సిలేట్ ప్లాస్టిసైజర్లు ఇంత ఘాటైన క్షారంలో సరిగా నిలవవు. నాఫ్తలీన్ రకం కొంత నయం.

వరుస కూడా ముఖ్యం. ద్రవ నానోను నేరుగా సిలికేట్‌లోనో సోడాలోనో పోస్తే జెల్లీలా గడ్డకట్టవచ్చు. ముందుగా గాజు సీసాలో కొంచెం కలిపి చూడటం మంచిది. పొడులను కలిపి, వాటికి నానో ద్రవం పట్టించి, ఆ తర్వాతే ద్రావణం పోయాలి. ఎండాకాలంలో స్లాగ్ 30 శాతం దాటి, పైగా నానో కూడా పడితే అరగంట లోపే బిగుసుకునే ప్రమాదం ఉంది. కొద్దికొద్దిగానే కలుపుకోవాలి.

సిమెంటు లేదు కాబట్టి కాలుష్యమే లేదనడం మాత్రం అతిశయోక్తి. సోడియం సిలికేట్‌ను వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో తయారుచేస్తారు. కాస్టిక్ సోడాకు బోలెడు కరెంటు కావాలి. నానో సిలికా క్షారంలో కరిగి తనే కొంత సిలికేట్‌ను సమకూరుస్తుంది కాబట్టి ఆ మేరకు సిలికేట్ తగ్గించి చూడాలి. పర్యావరణం పేరుతో నానో వాడటానికి నాకు కనిపించే గట్టి కారణం అదే. సోడా ఎక్కువైతే గోడ మీద తెల్లటి ఉప్పు పొంగుతుంది. రంగు వేసినా అది ఆగదు.

కళాశాలల ప్రయోగశాలలు ఈ మాలుపై చేసిన పరీక్షల ఫలితాల్లో 28 రోజుల బలం ఒక్కటే ఇస్తున్నారు. మాలు పారే తీరు, బిగుసుకునే సమయం, నీటి పీల్పు, 90 రోజుల బలం కూడా పక్కనే ఇవ్వాలి. ఈ తరహా కాంక్రీటుకు 2020లో వచ్చిన భారతీయ ప్రమాణం ఐఎస్ 17452 ముందుగా అచ్చుపోసే ఉత్పత్తుల కోసం ఉద్దేశించింది. ప్రస్తుతానికి ఈ పనిని ఇటుకలు, బ్లాకులు పోసే యార్డుల్లోనే మొదలుపెట్టడం మంచిది.

కాస్టిక్ ఫ్లేక్స్‌ను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి తప్ప ఫ్లేక్స్ మీద నీళ్లు పోయకూడదు. నానో కోసం నీళ్లు తగ్గించినప్పుడు వేడి ఇంకా ఎక్కువ పుడుతుంది. అల్యూమినియం పాత్ర వాడితే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. వేడిని తట్టుకునే గట్టి ప్లాస్టిక్ డ్రమ్మే వాడాలి. ద్రావణాన్ని ముందురోజే కలిపి చల్లారనివ్వాలి. కంటద్దాలు, రబ్బరు చేతి తొడుగులు, నానో పొడి తూచేవారికి ఎన్95 మాస్కు లేకుండా కూలీలను ఈ పనికి దించకూడదు.

ఇట్లు,
కాంక్రీటు సాంకేతికత బోధించే అధ్యాపకుడు,
విశాఖపట్నం