నాన్నకి, మా 40 శాతం ఇంటి సంగతి

నాన్నా,

ఎలా ఉన్నావ్, మోకాలి నొప్పి తగ్గిందా, అమ్మ బీపీ మాత్రలు టైముకి వేసుకుంటోందా. ఇదంతా ఫోన్లో చెబుదామనుకున్నా కానీ ఫోన్లో అయితే నువ్వు మధ్యలో "ఏంటీ, వినపళ్ళా" అంటావ్, అమ్మ వెనకనుంచి "ఏమైందే" అని కంగారు పడుద్ది, అసలు విషయం అక్కడే ఆగిపోద్ది. అందుకే టైప్ చేసి పంపిస్తున్నా, అద్దాలు పెట్టుకుని నిదానంగా చదువు. ముందే చెప్తున్నా, అందరం బాగానే ఉన్నాం.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే నా నుదుటి మీద ఒక చుక్క పడింది. పాప ఏడ్చిందేమో అనుకున్నా, ఇంకో చుక్క పడింది, పైకి చూస్తే సీలింగ్ పూరీలా ఉబ్బి ఉంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో సీలింగ్ అంటే మన స్లాబు కాదు నాన్నా, పైన ఏమున్నా కింద మనకి కనిపించేది అట్టలాంటి బోర్డే. లైటు హోల్డర్లోంచి కూడా నీళ్ళు కారుతున్నాయి. మీ అల్లుడు పరిగెత్తి మెయిన్ ఆపేసి, బకెట్టు కింద పెట్టి స్క్రూడ్రైవర్‌తో ఆ బుడగకి చిన్న చిల్లు పెట్టాడు, లేకపోతే మొత్తం ఒకేసారి ఊడి పడేదంట. పై ఫ్లాట్లో వాషింగ్ మెషీన్ పైపు రాత్రెప్పుడో ఊడిపోయింది. పైన ఉండే పెద్దావిడకి చెవుడు, ఆవిడకి అసలు తెలీనే తెలీదు.

నువ్వు ఇల్లు కొన్నప్పుడే అడిగావ్ గుర్తుందా, "40 శాతం అంటే ఏంటే, వంటిల్లు నీదా పడగ్గది నీదా" అని. అప్పుడు నవ్వాం గానీ, ఈ గొడవలో నాకూ అదే అనుమానం వచ్చింది. 2019లో ఈ ఫ్లాటు ధర 2,80,000 పౌండ్లు, మేం కొన్నది 40 శాతం, అంటే 1,12,000, దానికి బ్యాంకు లోను. మిగతా 60 శాతం హౌసింగ్ అసోసియేషన్‌ది, అంటే ఇలా వాటాలకి ఇళ్ళు అమ్మే సంస్థది, దానికి అద్దె కడతాం, మొదట్లో నెలకి 385, తర్వాత ఏటా పెరుగుతూనే ఉంది. డబ్బులున్నప్పుడు కొంచెం కొంచెం వాటా కొనుక్కుంటూ పోవచ్చు, దాన్ని మెట్లెక్కడం అంటారిక్కడ, మేం ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాం.

నేనేమనుకున్నానంటే, బిల్డింగ్ మెయింటెనెన్స్‌కి కట్టే సర్వీస్ ఛార్జ్ బిల్లులో ఇన్సూరెన్స్ అని ఒక లైను ఉంటుంది కదా, ఏటా కడుతున్నాం కదా, ఇంకేం, అంతా కవర్ అయిపోయింది అనుకున్నా. మనింట్లో ఇన్సూరెన్స్ అంటే ఎల్ఐసీ ఒక్కటే కదా, ఇంటికి కూడా ఇన్సూరెన్స్ ఉంటుందని మన వీధిలో ఎవరికి తెలుసు చెప్పు. సోమవారం ఫోన్ చేస్తే అసోసియేషన్ అమ్మాయి చాలా మర్యాదగా, "సీలింగ్ సంగతి మేం చూసుకుంటాం, మీ సామాన్లకి మీ పాలసీ వాళ్ళకి ఫోన్ చేయండి" అంది. నా పాలసీ వాళ్ళా? అలాంటివాళ్ళే లేరు నాకు.

అప్పుడు కూర్చుని లీజు, అంటే ఈ ఫ్లాటు షరతులన్నీ ఉండే ఒప్పందం, మొత్తం చదివా, కొన్నప్పుడు లాయర్ ఇస్తే సంతకం పెట్టి డ్రాయర్లో పడేసిందే, మొదటిసారి తెరవడం. లెక్క ఇది: గోడలు, పైకప్పు, సీలింగు, కిటికీలు, గోడలోపల పైపులు, ఫిక్స్ చేసేసిన కిచెన్ కబోర్డులు, బాత్‌టబ్, ఇవన్నీ బిల్డింగ్ ఇన్సూరెన్స్. అది బిల్డింగ్ మొత్తానికీ కలిపి అసోసియేషనే తీసుకుంటుంది, మేం విడిగా తీసుకోకూడదు కూడా. ఇంటిని తలకిందులు చేసి ఊపితే ఏవేవి కింద పడతాయో అవన్నీ కంటెంట్స్, అంటే మంచం, టీవీ, బట్టలు, నగలు. కార్పెట్టు ఊపినా పడదు గానీ దాన్ని కూడా కంటెంట్స్ కిందే లెక్కేస్తారు. కంటెంట్స్ బాధ్యత పూర్తిగా మాది, 40 శాతం కాదు, నూటికి నూరు. బిల్డింగ్ ప్రీమియంలో మా ఫ్లాటు వంతు కూడా మొత్తం మేమే కడుతున్నాం, అందులో 60 శాతం అసోసియేషన్ పెట్టుకోదు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. వాటా 40, ఖర్చు 100. నాయనమ్మ అనేది కదా "పొత్తుల మగడు పుచ్చి చచ్చాడు" అని, ఆ సామెతే గుర్తొచ్చింది.

వాళ్ళ పాలసీ సీలింగ్‌కి ఇచ్చింది, కొత్త బోర్డు, పెయింటు, లైటు, అన్నీ. కాకపోతే ఎక్సెస్ అని ఉంటుంది, మొదటి 500 మనమే పెట్టుకోవాలి, నీళ్ళ లీకులకి ఎక్కువ పెడతారంట ఎందుకంటే ఫ్లాట్లలో అవే ఎక్కువ. తేమ పోవడానికి గదిలో ఒక మెషీను పెట్టారు, రెండు వారాలు రాత్రింబవళ్ళు మోగుతూనే ఉంది, పాప దాని చప్పుడుకి అలవాటు పడిపోయి ఇప్పుడు అది లేకపోతే నిద్రపోవట్లేదు.

కార్పెట్టు, పరుపు, ఇవి మా నెత్తినే పడ్డాయి. అమ్మకి ఇప్పుడే చెప్పకు, మంచం కింద సూట్‌కేసులో చీరలు పెట్టా, అందులో అమ్మ ఇచ్చిన వెంకటగిరి కూడా ఉంది. మెరూన్ అంచు రంగు దిగి గంధం రంగు ఒంట్లోకి వేళ్ళు పాకినట్టు పాకింది, మడత విప్పితే ప్రతి మడత మీదా అదే మచ్చ, అద్దంలో చూసినట్టు. జరీ మాత్రం బానే ఉంది. డ్రై క్లీనింగ్ వాడు చూసి తల అడ్డంగా ఊపాడు.

పైన ఆవిణ్ణి అడగొచ్చు కదా అని నువ్వు అంటావ్. ఆవిడ తప్పు ఉందని మనం చూపించాలి ఇక్కడ, పైపు పాడైందని ముందే తెలిసి వదిలేసిందనో, చూసుకోవాల్సింది చూసుకోలేదనో నిరూపించాలి, ఊరికే ఊడిపోతే ఆవిడ బాధ్యత కాదు. పైగా పాపం మర్నాడు నిమ్మకాయ కేకు చేసుకుని వచ్చి గుమ్మంలో ఏడ్చింది. ఇంకేం అడుగుతాం.

మా ఆఫీసులో ఒకబ్బాయి, విజయవాడే, అతను ఇంకో రకంగా బుక్కయ్యాడు. అతనిదీ షేర్డ్ ఓనర్‌షిప్పే, అంటే మాలాగే వాటా కొన్న ఇల్లే, ఆన్‌లైన్లో బిల్డింగూ కంటెంట్సూ రెండూ టిక్ పెట్టేసి రెండేళ్ళు కట్టాడు, ఒకే గోడకి రెండు పాలసీలు ఉన్నా నష్టం ఒక్కసారే ఇస్తారు కదా, డబ్బు దండగ. కానీ అతనిది కొత్త రకం లీజు, మొదటి పదేళ్ళు బయటి రిపేర్లు, బిల్డింగ్ స్ట్రక్చర్ రిపేర్లు అసోసియేషన్ ఖర్చు, లోపల కొన్ని ముఖ్యమైన రిపేర్లకి ఏడాదికి 500 వరకు తిరిగి ఇస్తారంట. మాది పాతది, మాకు అదేం లేదు. కుళ్ళు అనుకోకు, కొంచెం కుళ్ళే.

ఇంకోటి, 2023 డిసెంబర్ 31 నుంచి రూల్ వచ్చింది, మాలాంటి లీజు వాళ్ళకి కూడా బిల్డింగ్ పాలసీ వివరాలు, అందులో కమిషన్ ఎంతో చూపించాలని. అడిగితే పీడీఎఫ్ పంపారు. నీలాగే ఎర్ర పెన్ను పట్టుకుని ఒక్కో లైను చూశా, డిపోలో నువ్వు ట్రిప్ షీట్లు చూసినట్టు.

ఇప్పుడు కంటెంట్స్ పాలసీ తీసుకున్నాం, ఏడాదికి 130 పౌండ్లు. ముందే తీసుకుని ఉంటే అని రోజూ అనుకుంటున్నా, ఎందుకులే.

ఆ పాలసీలో రెండు విషయాలు మీకు సంబంధించినవి ఉన్నాయి. ఒకటి, ఇల్లు వరసగా 30 రోజులకి మించి ఖాళీగా ఉంటే నీళ్ళ లీకుకి డబ్బు ఇవ్వరు. సంక్రాంతికి ఐదు వారాలు ఉందామనుకున్నాం కదా, మీ అల్లుడు వారం ముందే తిరిగొచ్చేస్తాడు, ఆఫీసు పని అని చెప్పమన్నాడు గానీ నిజం ఇదే, అత్తారింట్లో ఉండలేక కాదు.

రెండు, నగ ఒక్కొక్కటి 1,500 దాటితే విడిగా పేరు రాయించాలి, విలువకి కాగితం ఉండాలి. నా పెళ్ళి హారం బిల్లు మీ దగ్గరే ఉంది, బీరువా పై అరలో ఎల్ఐసీ బాండ్ల కవరు కింద పసుపు రంగు కాగితం. బరువూ తేదీ కనిపించేలా ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, ఫ్లాష్ వెయ్యకు, పోయినసారి ఆధార్ కార్డు తీసినప్పుడు మధ్యలో అంతా తెల్లగా వచ్చింది.

చీర సంగతి అమ్మకి వచ్చాక నేనే చెప్తా.

నీ చిన్నది,
రీడింగ్ (ఇంగ్లండ్) నుంచి